అప్పజెప్పే చదువు

సంక్రాంతికి ఖమ్మంలో అక్క వాళ్లింటికి వెళ్లాను. హాల్లో టీవీ పక్కన గోడకి కొత్త చార్టు వేలాడుతోంది. నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు, స్కేలు పెట్టి గీసిన గడులు, అంచు పొడుగునా చిన్న చిన్న పూలు. పొద్దున 4.30కి లేవడం. 5 నుంచి 7 దాకా లెక్కలు. తర్వాత బడి. సాయంత్రం 6 నుంచి 8 సైన్స్, 8.30 నుంచి 10 సోషల్, 10 నుంచి 11 ఇంగ్లిష్. ఆదివారం వరసలో అయితే తెల్లారుజాము నుంచి రాత్రి దాకా ఒక్క గడీ ఖాళీ లేదు. పదో తరగతి చదువుతున్న మా మేనకోడలు రెండు రోజులు కూర్చుని గీసిన రివిజన్ టైం టేబుల్ అది.

"మరి ఎట్లా నడుస్తోంది?" అన్నాను.

"మూడు రోజులు నడిచింది మామయ్యా."

నవ్వడానికి నాకు మొహం చెల్లలేదు. 1994లో నేను గీసుకున్నది రెండు రోజులే నడిచింది. స్కెచ్ పెన్నులు లేవు, నీలం ఇంకు, ఎర్ర ఇంకు. అప్పట్లో 11 పేపర్లు, 600 మార్కులు. రోజుకి ఇన్ని పేజీలని లెక్క కట్టుకుని సోషల్ పుస్తకం మొత్తం మూడుసార్లు తిరగేశాను. తిరగేయడం అంటే నిజంగా తిరగేయడమే. పరీక్ష హాల్లో ప్రశ్న చూడగానే ఆ పేజీ కళ్లముందుకొచ్చింది. ఎడమచేతి పేజీ, బొమ్మ కింద, రెండో పేరా. అక్కడ నేను పెన్సిలుతో గీసిన గీత కూడా కనిపించింది. ఆ పేరాలో ఏముందో మాత్రం రాలేదు.

పదో తరగతి రాసిన ప్రతివాళ్లకీ ఇలాంటి పేజీ ఒకటి ఉంటుంది. చదివాం, ఒట్టు, చదివాం. కానీ రాలేదు. ఇంట్లోవాళ్లు "సరిగ్గా చదవలేదు" అంటారు, మనమూ అదే నమ్మేస్తాం. ముప్ఫై ఏళ్ల తర్వాత, పూల చార్టు ముందు నిలబడి, ఆ తీర్పు తప్పేమో అనిపించింది. చదవడంలో లోపం లేదు. చదివినదాన్ని మళ్లీ బయటికి తీయడం అనే పని మా టైం టేబుళ్లలో ఎక్కడా లేదు. నా దాంట్లో లేదు, దీని దాంట్లోనూ లేదు.

మూడు రోజుల ముచ్చట

ముందు టైం టేబుల్ సంగతి. అది ఎందుకు మూడో రోజుకే పడకేసిందో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ఆ పిల్ల బడి పొద్దున ఎనిమిదిన్నరకి మొదలైతే స్టడీ అవర్ అయ్యేసరికి సాయంత్రం ఆరున్నర. ఇంటికొచ్చి మొహం కడుక్కుని, ఏదో తిని, అమ్మకి రెండు చిన్న పనులు చేసిపెట్టేసరికి ఎనిమిది. చార్టులో సాయంత్రం ఆరింటికే సైన్స్ మొదలవుతుంది. అంటే అది గీసిన రోజునే రెండు గంటలు అప్పు. ఆ అప్పు మర్నాటికి నాలుగు గంటలు. మూడో రోజున మనిషికి చార్టు వైపు చూడబుద్ధి కాదు.

పరిశోధన కూడా ఉంది లెండి. నేను పది పరీక్షలు రాసిన 1994లోనే బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు కెనడాలో డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. మీ పరిశోధన వ్యాసం ఎన్ని రోజుల్లో పూర్తవుతుంది అని వాళ్లని అడిగారు. సగటున 34 రోజులన్నారు. సరే, అన్నీ ఎదురు తిరిగితే, అన్నారు. 49 రోజులన్నారు. చివరికి పట్టింది 55 రోజుల పైనే. ఎంత చెడ్డగా ఊహించుకున్నా అంతకన్నా ఆలస్యమే అయింది. ఇరవై దాటినవాళ్ల అంచనాలే అట్లా ఉంటే, పదిహేనేళ్ల పిల్ల స్కెచ్ పెన్ను పట్టుకుని వేసిన అంచనా తప్పితే అది బద్ధకం కింద ఎందుకు జమ కట్టాలి?

గంటలు రాసుకున్న టైం టేబుల్‌లో ఇంకో తిరకాసు ఉంది. "5 నుంచి 7 దాకా లెక్కలు" అన్న గడిలో ఏడు కొట్టగానే పని అయిపోయినట్టే. లెక్క వచ్చిందా రాలేదా అని ఆ గడి అడగదు. "చాప్టర్ అయిపోయింది" అంటారు పిల్లలు. ఎవరికి అయిపోయింది? పుస్తకానికి పేజీలు అయిపోయాయి.

మన దగ్గరే ఉన్న మాట

మా అమ్మ అక్క దగ్గరే ఉంటుంది. ఐదో తరగతితో చదువు ఆపేసింది. చార్టు చూసి ఆవిడ ఒక్కటే అడిగింది: "ఇవన్నీ సరే, అప్పజెప్పేదెప్పుడే?"

పిల్లకి ఆ మాట తెలియలేదు. నాకు తెలుసు. మా చిన్నప్పుడు రాత్రి అన్నాలకి ముందు పుస్తకం అమ్మ చేతికిచ్చి, చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పాలి. ఎక్కాలు, పద్యాలు, ప్రశ్నలకి జవాబులు, అన్నీ. అమ్మ వేలు పెట్టి చూసుకుంటూ వినేది. ఎక్కడ తడబడితే అక్కడ "ఊఁ" అనేది. ఆ "ఊఁ" దగ్గర పడిన చెమట వల్లే కాబోలు, ఆ జవాబులు ఇంకా పోలేదు. పదో తరగతికొచ్చాక నేను పెద్దవాణ్ణయిపోయానని అప్పజెప్పడం మానేశాను. తిరగేయడం మొదలుపెట్టాను.

ఎంత చక్కటి మాట! పుస్తకం నుంచి తీసుకున్నది మళ్లీ అప్పగించాలి. అంతవరకూ అది పుస్తకానిదే, మనది కాదు. కొత్తగా ఇంగ్లిష్‌లో దీనికి ఏవో పెద్ద పేర్లు పెట్టారు గానీ, బడి పంతులు దగ్గర చేతులు కట్టుకు నిలబడ్డ ప్రతివాళ్లూ చేసిన పని ఇదే.

దీన్ని కొలిచి చూసినవాళ్లు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేసి 2006లో ప్రచురించారు. విద్యార్థులకి ఒక చిన్న వచన భాగం ఇచ్చారు. ఒక గుంపు నాలుగు విడతలూ దాన్ని చదువుతూనే ఉంది. సగటున 14 సార్లు చదివారు. ఇంకో గుంపు ఒక్క విడత చదివింది, మూడుసార్లకి కాస్త పైన. ఆ తర్వాత మూడు విడతలూ వచనం తీసేసి తెల్ల కాగితం ఇచ్చి, గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదువుతూ ఉన్న గుంపుదే పైచేయి. వారం తర్వాత పెడితే చదివిన గుంపుకి 40 శాతం గుర్తుంది, కాగితం మీద రాసిన గుంపుకి 61 శాతం.

మూడున్నర సార్లు చదివినవాళ్లు 14 సార్లు చదివినవాళ్లని దాటేశారు. ఇందులో నాకు ఇంకా ఆసక్తి అనిపించింది వేరే సంగతి. వారం తర్వాత ఎంత గుర్తుంటుందనుకుంటున్నారు అని ముందే అడిగితే, ఎక్కువ ధీమాగా చెప్పింది 14 సార్లు చదివిన గుంపు. చదివేకొద్దీ పేజీ పరిచయం అవుతుంది. వీధిలో రోజూ కనిపించే మనిషిలాగా. మొహం బాగా తెలుసు, పేరు అడిగితే తెలియదు. నా ఎడమచేతి పేజీ అదే.

ఈ లెక్కన పసుపు రంగు హైలైటర్ సంగతేమిటని అడగొచ్చు. 2013లో జాన్ డన్లోస్కీ, మరో నలుగురు కలిసి పది రకాల చదువు పద్ధతుల్ని పాత పరిశోధనలన్నీ ముందేసుకుని తూకం వేశారు. కింద గీతలు గీయడం, హైలైట్ చేయడం, మళ్లీ మళ్లీ చదవడం అట్టడుగున తేలాయి. పైన నిలిచినవి రెండే: తనని తాను పరీక్షించుకోవడం, ఒకే పాఠానికి మధ్యలో రోజులు వదిలి మళ్లీ మళ్లీ రావడం. మా మేనకోడలి సైన్స్ పుస్తకం తెరిచి చూశాను. పేజీలన్నీ పసుపే. గీత పడని వాక్యం కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

అవధాని చూపిన దారి

మధ్యలో రోజులు వదలడం అన్నాను కదా. ఇక్కడ పాత జర్మన్ పెద్దమనిషి ఒకాయన్ని తలుచుకోవాలి. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్. అర్థం లేని అక్షరాల ముక్కలు వరసలు వరసలుగా తయారుచేసుకుని, తనే బట్టీ పట్టి, తనే మర్చిపోయి, ఎంత మర్చిపోయాడో తనే కొలుచుకుని 1885లో పుస్తకం వేశాడు. ఆయన కొలిచిన తీరు ముచ్చటగా ఉంటుంది. మర్చిపోయిన వరసని మళ్లీ నేర్చుకోవడానికి మొదటిసారి కన్నా ఎంత తక్కువ శ్రమ పట్టిందో చూశాడు. గంట గడిచాక నేర్చుకుంటే మిగిలిన లాభం సగానికన్నా తక్కువ. ఒక రోజు తర్వాత మూడో వంతు. నెల తర్వాత అయిదో వంతు.

మొదటి గంటలోనే సగం పైగా జారిపోతుందన్నది అందరూ చెప్పేదే. నెల తర్వాత కూడా అయిదో వంతు మిగిలి ఉందన్నది ఎవరూ చెప్పరు. "అంతా మర్చిపోయాను మామయ్యా" అని పిల్ల ఏడుపు మొహం పెట్టినప్పుడు, అంతా పోలేదు, రెండోసారికి తక్కువ టైం పడుతుంది అని ధైర్యం చెప్పడానికి ఆధారం అదే. అవి అర్థం లేని ముక్కలు కూడాను. అర్థమైన పాఠం అంత తొందరగా జారదు.

ఎప్పుడు తిరిగి రావాలన్నదాని మీద 2008లో నికొలస్ సెపెడా బృందం 1350 మందికి పైగా మనుషులతో ఒక పెద్ద ప్రయోగం చేసింది. పరీక్ష దగ్గరలో ఉంటే విరామం చిన్నగా, దూరంగా ఉంటే పెద్దగా ఉండాలని తేలింది. వారంలో పరీక్ష ఉంటే ఒక రోజు వదిలి రావడం బాగా పనిచేసింది. నెల పైన ఉంటే పది పదకొండు రోజులు వదిలి రావడం. సంక్రాంతి నుంచి మార్చి మధ్య దాకా దాదాపు 60 రోజులు. వారం, పది రోజుల ఎడం మన పిల్లలకి సరిపోతుంది.

ఇదంతా వింటే అష్టావధానం చూసినవాళ్లకి నవ్వొస్తుంది. ఎనిమిది మంది పృచ్ఛకులు వరసగా కూర్చుంటారు. సమస్య ఒకరిది, దత్తపది ఒకరిది, నిషిద్ధాక్షరి ఒకరిది, వర్ణన ఇంకొకరిది. అవధాని మొదటివారికి పద్యం మొత్తం చెప్పేసి చేతులు దులుపుకోడు. ఒక పాదం చెప్పి పక్కవారి దగ్గరికి వెళతాడు. అక్కడ ఒక పాదం, ఆ పక్కన ఒక పాదం. ఒక చుట్టు తిరిగి మళ్లీ మొదటివారి దగ్గరికి వచ్చేసరికి, తను ఎక్కడ ఆపాడో తనే గుర్తు తెచ్చుకుని రెండో పాదం అందుకోవాలి. నాలుగు పాదాలకి నాలుగు ఆవృత్తాలు. చిట్టచివర ధారణ. అన్ని పద్యాలూ కాగితం ముట్టకుండా వరసగా అప్పజెప్పాలి. తిరుపతి వేంకట కవులు ఊరూరా, సంస్థానం సంస్థానం తిరిగి సభలు కట్టిపడేసిన విద్య ఇదే.

ఎడం ఉంది, కలగలుపు ఉంది, గుర్తు తెచ్చుకోవడం ఉంది. సెపెడా, రోడిగర్ ఇద్దరూ ఒకే వేదిక మీద కూర్చున్నట్టుంది. అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు కూడా ఉంటాడు, అవధాని ఏకాగ్రత చెడగొట్టడమే ఆయన పని. మన ఇళ్లల్లో ఆ పాత్ర సెల్‌ఫోన్‌ది. అవధాని పాపం ఆయనకి జవాబు చెప్పి తీరాలి. పదో తరగతి పిల్లకి ఆ ఖర్మ లేదు, ఫోను అమ్మమ్మ దిండు కింద పెట్టొచ్చు.

నాలుగు గడుల కాగితం

పూల చార్టు చించమని నేను అనలేదు. దాని పక్కనే ఇంకోటి పెట్టాం. సబ్జెక్టుకో తెల్ల కాగితం. ఎడమ పక్క నిలువుగా పాఠాల పేర్లు. లెక్కల కాగితం మీద వాస్తవ సంఖ్యలు మొదలుకుని సాంఖ్యక శాస్త్రం దాకా 14 పేర్లు. ఒక్కో పేరు ముందు నాలుగు ఖాళీ గడులు. గంటలు లేవు, వారాలు లేవు. ఆ గడుల్లో ముందుగా ఏదీ రాయకూడదు. పని అయ్యాక ఆ రోజు తేదీ మాత్రం వేయాలి.

మొదటి గడి పుస్తకం తెరిచి చేసే పని. పాఠం అర్థం చేసుకుని చదవడం, రాని లెక్క టీచర్ని అడగడం, చివర నోటు పుస్తకం వెనక పేజీలో ఆ పాఠం మీద ఏడెనిమిది ప్రశ్నలు సొంతంగా రాసుకోవడం. ప్రశ్నలే, జవాబులు కాదు. దీనికి గంట, గంటన్నర పడుతుంది. రెండో గడి రెండు రోజుల తర్వాత. ఈసారి పుస్తకం మూసి, ఆ ప్రశ్నలు ముందేసుకుని, తెల్ల కాగితం మీద వచ్చినంత రాయడం. తర్వాత పుస్తకం తెరిచి, పోయినవి ఎర్ర పెన్నుతో దిద్దుకోవడం. ఈ దిద్దుకోవడం వదిలేస్తే తప్పే గట్టిపడే ప్రమాదం ఉంది. మూడో గడి వారం పది రోజులకి. నాలుగోది పరీక్షల ముందు, పాత ప్రశ్నపత్రాలతో కలిపి. వెనక్కి వచ్చేకొద్దీ టైం తగ్గుతుంది. నాలుగోసారికి కొన్ని పాఠాలు పావుగంటలో తేలిపోతాయి. ఎబ్బింగ్‌హాస్ చెప్పిన లాభం అదే.

పద్నాలుగు పాఠాలు, నాలుగేసి గడులు, మొత్తం 56. అరవై రోజులకి రోజుకొక లెక్కల గడి కూడా లేదు. ఈ కూడిక చెప్పాక మా మేనకోడలి భుజాలు ఒక్కసారి కిందికి దిగడం నేను చూశాను. చార్టులో రోజుకి రెండు గంటల లెక్కలని చూసి బెదిరిన పిల్ల ఇది.

ఈ కాగితంలో సుఖం ఏమిటంటే, ఒక రోజు పోతే ఏమీ కూలిపోదు. పెళ్లికి వెళ్లారు, జ్వరం వచ్చింది, శివరాత్రి జాగారం చేశారు. మర్నాడు కాగితం చూసుకుంటే ఏ తేదీ బాగా పాతబడిందో దానిదే వంతు. అప్పు పెరగదు. బాగా తడబడిన గడిలో తేదీ చుట్టూ సున్నా చుట్టాలి. సున్నా పడిన పాఠం వారం ఆగదు, మూడో రోజుకే తిరిగొస్తుంది. పిల్లలు వచ్చిన పాఠాన్నే మళ్లీ మళ్లీ చదువుతారు, హాయిగా ఉంటుంది కాబట్టి. ఆ సున్నాలు ఉన్నచోటే కాగితం గుచ్చుకుంటుంది.

సబ్జెక్టుని బట్టి అప్పజెప్పే తీరు మారుతుంది. తెలుగు పద్యం నోటితో అప్పజెప్పొచ్చు, ప్రతిపదార్థం మాత్రం రాయాల్సిందే. సోషల్‌లో మ్యాప్ పాయింటింగ్‌కి పేర్లు లేని ఉత్త మ్యాప్ చాలు, నదులు, పీఠభూములు గుర్తున్నచోట పెట్టి అట్లాసుతో సరిచూసుకోవాలి. గుండె నిర్మాణం, నెఫ్రాన్, కటకాల కిరణ చిత్రాలు చూసి గీస్తే లాభం లేదు. చూడకుండా గీసి, భాగాలు గుర్తించి, అప్పుడు చూడాలి. ఇంగ్లిష్ లేఖలు బట్టీ పడితే విషయం మారగానే చతికిలబడతారు, దాని గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను.

లెక్కల గురించి చెప్పాలి. "లెక్కలు చదువుతున్నా" అనే మాట మన తెలుగు ఇళ్లల్లో తప్ప ఎక్కడా వినపడదేమో. గైడులో చేసిన లెక్కని పై నుంచి కిందికి చూసి, ప్రతి మెట్టు దగ్గరా తలూపి, పేజీ తిప్పేయడం. తలూపడం అర్థమైందనడానికి గుర్తే, చేయగలరనడానికి కాదు. ఇంకో అలవాటు, ఒక అభ్యాసంలో ఒకే రకం లెక్కలు ఇరవై వరసగా చేయడం. మూడో లెక్క నుంచి చెయ్యి దానంతటదే పోతుంది. డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో ప్రచురించిన ప్రయోగం సరిగ్గా మన క్షేత్రమితి పాఠం లాంటిదే. నాలుగు రకాల ఘనాకారాల ఘనపరిమాణాలు కనుక్కోవాలి. ఒక గుంపు రకం తర్వాత రకం చేసింది, ఇంకో గుంపు అన్నీ కలగలిపి చేసింది. చేసేటప్పుడు మొదటి గుంపుకి 89 శాతం ఒప్పులు, కలిపి చేసినవాళ్లకి 60. వారం తర్వాత పరీక్షలో మొదటి గుంపుకి 20, రెండో గుంపుకి 63.

సాధనలో తప్పులు పోయినవాళ్లు పరీక్షలో నెగ్గారు. ఎందుకంటే ప్రశ్నపత్రంలో లెక్క పక్కన "ఇది శంకువు లెక్క, ఈ సూత్రం వాడు" అని రాసి ఉండదు. ఏ సూత్రమో పోల్చుకోవడమే సగం లెక్క. స్తూపం మీద అర్ధగోళం కూర్చోబెట్టి ఇస్తే, ఒకే రకం ఇరవై చేసిన చెయ్యి ఎటూ కదలదు. అందుకని మూడో గడి నుంచి ఒక్క పాఠం లెక్కలే చేయొద్దు. శ్రేఢుల్లో ఒకటి, త్రికోణమితిలో ఒకటి, సంభావ్యతలో ఒకటి. తప్పులు ఎక్కువ వస్తాయి. రానివ్వండి.

ఇప్పటి పరీక్ష వేరు

మా రోజుల్లో లెక్కలకి రెండు పేపర్లు. మొదటి పేపరు ముందు రోజు రాత్రి సగం పుస్తకం, రెండో పేపరు ముందు ఇంకో సగం. ఆ చిట్కాతో గట్టెక్కినవాళ్లం చాలామందిమి ఉన్నాం. కరోనా తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ 11 పేపర్ల లెక్క పోయింది. సబ్జెక్టుకి ఒకటే పేపరు, సైన్స్‌ని మాత్రం భౌతిక, జీవశాస్త్రాలుగా విడివిడి రోజుల్లో పెడుతున్నారు. ఏడాది పొడుగునా చదివిన లెక్కల పుస్తకం అంతా ఒక్క పూటలో బయటికి రావాలి. ముందు రాత్రి తిరగేస్తే 14 పాఠాలు తిరగవు. పేపర్ల బరువు తగ్గిందని సంతోషించినవాళ్లు ఈ సంగతి పట్టించుకోలేదు.

2020, 2021లలో రెండు రాష్ట్రాల్లోనూ అందరినీ పాస్ చేశారు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ పరీక్షలు పెడితే పాసైనవాళ్లు 67.26 శాతమే. కారణాలు ఎవరికి తోచినవి వాళ్లు చెప్పారు. రెండేళ్లు తెర ముందు కూర్చుని విన్నారు, ఎవరికీ అప్పజెప్పలేదు. నా మటుకు నాకు అదొక్కటే కనిపిస్తుంది.

పరీక్ష ఉదయం 9.30కి మొదలవుతుంది. ప్రశ్నపత్రం చదువుకోవడానికి ఇచ్చే పావుగంటతో కలిపి, సైన్స్ పేపర్లు తప్ప మిగతావి ఆంధ్రలో 12.45 దాకా, తెలంగాణలో 12.30 దాకా. కాబట్టి ఫిబ్రవరి నుంచి ఒక్కో ఆదివారం పొద్దున సరిగ్గా తొమ్మిదిన్నరకి పాత పేపరు ఒకటి ముందేసుకుని కూర్చోవడం మంచిది. మూడు గంటలు ఏకబిగిన రాసే అలవాటు చాలామంది పిల్లల వేళ్లకి లేదు. చివరి ప్రశ్నలు వచ్చి కూడా వదిలేసి వచ్చేది అందుకే.

స్లిప్ టెస్టు ఏం పాపం చేసింది?

ఇంత చెప్పాక ఎవరైనా అడుగుతారు: మా బడిలో రోజూ స్లిప్ టెస్టు పెడతారు కదా, అది అప్పజెప్పడం కాదా? అవును, అచ్చంగా అదే. నిన్నటి పాఠం మీద పావు కాగితం, అయిదు ప్రశ్నలు, పది నిమిషాలు. జ్ఞాపకానికి ఇంతకన్నా మంచి మందు ఎవరూ కనిపెట్టలేదు. ఆంధ్ర ప్రభుత్వ బడుల్లో పదో తరగతికి 100 రోజుల ప్రణాళిక నడుస్తుంది. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో సాయంత్రం స్పెషల్ క్లాసులకి ఆగే పిల్లలకి అల్పాహారం పెడుతున్నారు. పిల్లల్ని కూర్చోబెట్టడానికి మన వ్యవస్థ బాగానే కష్టపడుతోంది.

కానీ స్లిప్ టెస్టుని మనం తూకం రాయిలా వాడాం. ఎన్ని వచ్చాయి, ఎవరు ఫస్టు, ఎవరు నిలబడాలి, ఎవరి నాన్నకి మెసేజ్ వెళ్లాలి. మా మేనకోడలు చదివే చోట అయిదుకి మూడు వస్తే సాయంత్రం తప్పు జవాబు పదిసార్లు రాయిస్తారు. దాంతో పిల్లలు పది నిమిషాల ముందు చదివి, పది నిమిషాల తర్వాత మర్చిపోయే విద్యలో ఆరితేరారు. పోయిన వారం పాఠం మీద ఈ రోజు స్లిప్ టెస్టు పెట్టి, కాగితాలు పిల్లలే దిద్దుకుని, మార్కులు ఎక్కడా ఎక్కించకపోతే? ఒక టీచరుతో ఈ మాట అంటే ఆయన నవ్వి, "మార్కులు ఎక్కించకపోతే పేరెంట్స్ ఊరుకోరండీ" అన్నారు. ఆ మాటా నిజమే.

ఇక సి గ్రూపు పిల్లలు. ప్రీ ఫైనల్లో తప్పినవాళ్లని అలా పిలుస్తారు, వాళ్ల ముందే. వాళ్ల చేతిలో పది "ఇంపార్టెంట్" ప్రశ్నలు పెట్టి బట్టీ పట్టమంటారు. అందులో ఏడు రాకపోతే పిల్లాడు మునిగినట్టే. నా అభిప్రాయం, వాళ్లకి గడులు తగ్గించకూడదు, పాఠాలు తగ్గించాలి. పద్నాలుగు పాఠాలు ఒక్కోసారి చూడటం కన్నా ఏడు పాఠాలు నాలుగేసిసార్లు చేస్తే 35 మార్కులు దాటే అవకాశం ఎక్కువ. అర్థం కాని పాఠానికి పుస్తకం మూసినా తెరిచినా ఒకటే, అక్కడ మొదటి గడి దగ్గర మనిషి తోడు కావాలి. తప్పినా ఏడాది పోదు, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. ఆ మాట పిల్లలకి ఫలితాల రోజు కాకుండా ఇప్పుడే చెప్పి ఉంచాలి. ఇంట్లో చెప్పుకోలేని దిగులుంటే టెలిమానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నిద్ర గురించి అక్కకి నాకు చిన్న గొడవ అయింది. తెల్లారుజామున 4.30కి లేవాల్సిందే అంటుంది ఆవిడ. లేవనీ, కానీ రాత్రి 11 దాకా కూర్చోబెట్టి మళ్లీ 4.30కి లేపితే ఎట్లా? 1924లోనే అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు చూపించారు. ఇద్దరు విద్యార్థులని ప్రయోగశాలలోనే పడుకోబెట్టి, ఏదో నేర్చుకున్నాక నిద్రపోతే ఎంత గుర్తుంటుంది, మేలుకుని ఉంటే ఎంత గుర్తుంటుంది అని చూశారు. నిద్రపోయినప్పుడే ఎక్కువ నిలిచింది. ఏదో ఒక చివర నిద్ర పూర్తి కావాలి. పదింటికి లైటు తీసేయడానికి అక్క ఒప్పుకుంది. ఎన్నాళ్లు నిలబడుతుందో తెలియదు.

నేను బయల్దేరే ముందు రాత్రి అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. పిల్ల ఎదురుగా నిలబడి విసర్జన పాఠం అప్పజెబుతోంది. పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంది, అమ్మకి ఆ అక్షరాలు రావు. అయినా పుస్తకం ఒళ్లో తెరిచే పెట్టుకుంది, చూస్తున్నట్టు. పిల్ల తెలుగులో చెబుతోంది. మూత్రపిండాలు రోజుకి దాదాపు 180 లీటర్లు వడకడతాయి అమ్మమ్మా, నెఫ్రాన్లని ఉంటాయి.

"నూట ఎనభై లీటర్లా? డ్రమ్ముడు నీళ్లే!" అంది అమ్మ. "మరి బయటికి పోయేది లీటరో, లీటరున్నరో కదే. మిగతావన్నీ ఎటుపోయినయ్?"

పిల్ల నోరు తెరిచింది, ఆగింది. అంతసేపూ గడగడా చెప్పిన పిల్ల. ఆ ప్రశ్న గైడులో లేదు. రెండు నిమిషాలు ఆలోచించి, "మళ్లీ లోపలికే పీల్చుకుంటాయనుకుంటా" అంది అనుమానంగా. పుస్తకం లాక్కుని చూసుకుంది. పునఃశోషణ. పసుపు రంగు గీత కిందే ఉంది ఆ మాట. తెలుగులో అర్థమైంది గానీ పరీక్షలో ఇంగ్లిష్‌లో రాయాలి, అది ఇంకో పని. కాగితం తీసి రెండో గడిలో తేదీ వేసి, చుట్టూ సున్నా చుట్టింది.

తర్వాత తొమ్మిది రోజులకి ఫోన్ చేసింది. సున్నా పడిన పాఠం కాబట్టి మూడో రోజునే మళ్లీ అప్పజెప్పిందట. ఫోన్ చేసిన రోజు అన్నాల దగ్గర అమ్మమ్మ మళ్లీ అదే అడిగిందట, ఆవిడకి జవాబు గుర్తులేక. డ్రమ్ముడు నీళ్లు ఏమైనయ్యే, అని. అన్నం తింటూనే మొత్తం చెప్పేసిందట, చివరికి ఎన్ని లీటర్లు మిగులుతాయో కూడా.

"అది కూడా గడి కిందికొస్తుందా మామయ్యా?"

వస్తుందన్నాను. వెళ్లి తేదీ వేసింది.